బోన్‌హామ్ చెఱువు గట్టున ఒక రాత్రి

కార్తికమాసము వచ్చినదనిన మన యిండ్లలో వనభోజనముల మాట పుట్టును. ఊరి వెలుపల తోటలోనో, చెఱువు గట్టుననో, ఉసిరిక చెట్టు నీడను విస్తళ్లు వేసికొని, ఏడాది పొడుగునను పొయ్యి ముందుండిన ఆడువారు ఆ యొక్క దినము ఆరుబయట కూర్చుండి తిందురు. నిరుడు కార్తికమున నేను మన దేశములో లేను. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరమునకు ఉత్తరముగా నున్న ఫ్రిస్కో అను ఊర మా అమ్మాయి యింట నుంటిని. అక్కడ ఉసిరిక చెట్టు లేదు. ఐనను ఆ యేటి వనభోజనము నాకు తప్పిపోలేదు. ఆ సంగతి మన సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట నా తప్పు చెప్పుకొనవలెను. నేను అమెరికాకు బయలుదేరునపుడు నయాగరా జలపాతము చూచి వత్తునని మా వీధిలోని వారందఱితోను చెప్పితిని. "ఈసారి తప్పక చూపిస్తానత్తా" అని అల్లుడు ఫోనులో చెప్పియుండుటయే దానికి కారణము. నేను శ్రావణమాసమున అక్కడికి చేరితిని. భాద్రపదము గడచినది, ఆశ్వయుజము గడచినది, నయాగరా మాట ఎవరును ఎత్తలేదు. దీపావళి వెళ్లిన తరువాత ఒకనాడు మా అమ్మాయి బియ్యము కడుగుచు, నా వైపు చూడకయే, "అమ్మా, ఈసారి నయాగరా కుదరదు. గంట దూరంలో బోన్‌హామ్ అని చిన్న పార్కు ఉంది, అందులో చెరువుంది. ఈ శనివారం పోయి ఒక రాత్రి డేరా వేసుకొని ఉండి వద్దాం" అన్నది.

నాకు కష్టము తోచినది. "చెరువు చూసేదానికి సముద్రాలు దాటి రావాల్నా? మన ఊర్లో లేదా చెరువు?" అని అంటిని. ఆమె బదులు చెప్పలేదు. కడిగిన బియ్యమునే మఱల కడిగినది. నేను అది గమనించియు, నా అలుకలో నేనుండి, ఊరకుంటిని.

శనివారము ఉదయము బయలుదేరితిమి. అమ్మాయి, అల్లుడు, పదేండ్ల మనుమరాలు, ఆరేండ్ల మనుమడు, నేను. డేరాను, పడుకొను సంచులను పొరుగున నున్న మన తెలుగువారు ఎరువిచ్చిరి. నేను తెల్లవారుజామున లేచి చిత్రాన్నమును, పెరుగన్నమును కలిపి, ఓళిగలు చేసి డబ్బాలో పెట్టితిని. జొన్నరొట్టెలును, శనక్కాయల ఊరుబిండియు కూడ సిద్ధముచేసితిని. అలిగిన మనిషినైనను పిల్లలు ఆకలితో నుండుట నాకు సరిపడదు.

మక్కిన్ని అను ఊరు దాటినప్పటినుండి 121 వ నంబరు బాట ఈశాన్యముగా పోవును. మెలిస్సా, ట్రెంటన్ అను చిన్న ఊళ్లు దారిలో తగులును. క్రొత్త యిండ్ల వరుసలు పలచబడి, పొలములు వచ్చినవి. దున్నిన నేల చూచి నేను కారు అద్దమునకు ముఖమానించితిని. అది అచ్చముగా మన రేగడి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో ఎట్టి నల్లని నేల కలదో అట్టిదే. వాన పడిన కాలికి అంటుకొనునది, ఎండిన నెఱ్ఱెలు విచ్చునది. దీనిని అక్కడివారు నల్లనేల మైదానమని పిలుతురు. పూర్వము ఈ భూములలో ప్రత్తి విస్తారముగా పండెడిదట. ఏడాది వెంబడి ఏడాది ప్రత్తియే వేయుటచేత పలుచోట్ల పైమన్ను వానకు కొట్టుకొనిపోయి నేల చెడినదని అల్లుడు చెప్పెను. ఆ పూట అతడు మాటలాడినది అంతమాత్రమే.

బోన్‌హామ్ చిన్న పట్టణము. 1836 లో అలామో కోట యుద్ధమున మరణించిన జేమ్సు బోన్‌హామ్ అను నతని పేర దానికి ఆ పేరు వచ్చినది. అమెరికా ప్రతినిధుల సభకు అందఱికంటె ఎక్కువ కాలము అధ్యక్షుడుగా నుండిన శామ్ రేబర్న్ ఈ ఊరివాడే. ఆయన యిల్లు ఇపుడు ప్రదర్శనశాలగా నున్నది. ఊరికి మొదటి పేరు బోడార్క్. అది ఒక చెట్టు పేరు. ఫ్రెంచి భాషలో విల్లు కొయ్య యని అర్థము. ఆ దేశపు ఆదివాసులు దాని కొయ్యతో విండ్లు చేసికొనిరి. ముండ్ల తీగె పుట్టకముందు సేద్యగాండ్రు ఈ చెట్లను దగ్గరగా నాటి పొలములకు కంచెగా పెంచిరి. దాని కాయ పెద్ద నారింజ ప్రమాణమున, లేత ఆకుపచ్చ రంగున, పైన మెదడువలె ముడుతలు పడి యుండును. మనుష్యులు తినరు. బాట ప్రక్కను అవి రాలి పడియుండగా చిన్నవాడు రెండు కాయలు ఏరి ఒడిలో పెట్టుకొని, ఇంటికి తిరిగి వచ్చువఱకును విడువలేదు.

ఊరికి కొద్ది దూరముననే ఉద్యానము కలదు. అమెరికాలో ఉద్యానములు రెండు విధములు. నయాగరా అంత పేరు లేకున్నను దేశమంతయు ఎఱిగినట్టి జాతీయోద్యానములు కేంద్ర ప్రభుత్వమువి. స్టేట్ పార్కులని పిలువబడు నవి ఆయా రాష్ట్రములవి. వీనిలో చాలవఱకు దగ్గరి ఊళ్లవారు ఒకటి రెండు దినములు గడపుటకై యేర్పడినవి. బోన్‌హామ్ స్టేట్ పార్కు అట్టి వానిలోను చిన్నది. మొత్తము విస్తీర్ణము 261 ఎకరములు. అందులో చెఱువు 65 ఎకరములు. మన వైపు ఒక మోస్తరు ఊరి చెఱువంత యనుకొనుడు.

ద్వారముకడ ఉద్యోగిని యొకామె మా పేర్లు చూచుకొని, కారున కంటించు చీటి యిచ్చినది. పెద్దలకు తలకు కొద్ది డాలర్ల రుసుము. పండ్రెండేండ్లును, అంతకు లోపును గల పిల్లలకు లేదు. బస చేయు స్థలమునకు వేఱుగా చెల్లింపవలెను. దానిని ముందుగనే కంప్యూటరు ద్వారా కుదుర్చుకొనవచ్చును. అక్కడి నియమములు నాకు నచ్చినవి. బహిరంగముగా మద్యము త్రాగరాదు. రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆఱు గంటలవఱకు సద్దు చేయరాదు. అడవిలో పడియున్న పుల్లనైనను ఏరి పొయ్యిలో పెట్టరాదు. అది మట్టిలో కలిసి నేలకు ఎరువు కావలెనట. కట్టెలు కొనితెచ్చుకొనవలసినదే. చుట్టుప్రక్కల డేరాలలో ఒంటరిగా వచ్చిన స్త్రీలును, పసిబిడ్డల తల్లులును నిర్భయముగా నుండుట చూచితిని.

మాకు దొరికిన స్థలము ఓక్ చెట్ల క్రింద, నీటికి దగ్గరగా నున్నది. ఒక కొయ్య బల్ల, దానికి రెండు ప్రక్కల కూర్చుండుటకు పలకలు, నిప్పు వేసికొనుటకు ఇనుప చట్రము, నీళ్ల కొళాయి. నాలుగడుగుల దూరమున స్నానపు గదులును, మరుగుదొడ్లును కలవు. వేడినీళ్లు కూడ వచ్చును. ఈ సంగతి మన ఆడువారికి ముఖ్యము గనుక ప్రత్యేకముగా వ్రాసితిని. నేను ఇంటినుండి బయలుదేరునపుడు పడిన భయములో సగము దీనిని గుఱించియే.

డేరా వేయుట మాలో నెవరికిని తెలియదు. అల్లుడు ఒక కొయ్యను దూర్చిన రెండవది ఊడిపోవును. మూడు సారులు కూలినది. ప్రక్క స్థలమునందలి ముసలి దొర వచ్చి, గుడ్డను ముందుగా నేలకు మేకులతో బిగింపవలెనని చూపించి పోయెను. డేరా నిలిచినది. పిల్లలు లోపల దూరి కేకలు వేసిరి. అల్లుడు మాత్రము చెమట తుడుచుకొనుచు, "చూశారా అత్తా, ఇది కూడా చేతకాలేదు" అనెను. ఆ 'కూడా' అను మాట నా చెవిని పడినది గాని అప్పుడు దాని అర్థము నాకు తోచలేదు.

భోజనములైన తరువాత చెఱువు చుట్టును నడచితిమి. నీరు నిలుకడగా, ఆకాశపు రంగున నుండెను. బూడిదవన్నె కొంగ యొకటి మోకాలిలోతు నీట కదలక నిలిచియున్నది. మొద్దులపై తాబేళ్లు వరుసగా ఎండకు కాగుచున్నవి. ఒక ముదుసలి దంపతులు గట్టున కూర్చుండి గాలములు వేసికొనుచుండిరి. ఆ రాష్ట్రపు ఉద్యానములలో గట్టునుండి చేపలు పట్టువారికి లైసెన్సు అక్కఱలేదు. కాలిబాట ఒక మట్టికట్టపైకి ఎక్కినది. ఆ కట్ట చూడగనే నాకు ఇది దేవుడు పోసిన నీరు కాదని తెలిసినది. చెఱువు కట్టను గుఱుతుపట్టుట మా ప్రాంతపువారికి ఒకరు నేర్పవలసిన పని లేదు.

"ఇది ఎవరు కట్టిరి?" అని అడిగితిని. మనుమరాలు తల్లి ఫోను తీసికొని వెదకి, ఇంగ్లీషున చదువుచు, తనకు వచ్చిన తెలుగులో చెప్పినది. పిల్ల చెప్పినదానికి మఱునాడు నేను విచారించి తెలిసికొన్నదానిని చేర్చి ఇక్కడ వ్రాయుచున్నాను.

1929 తరువాత అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యము సంభవించినది. బ్యాంకులు మూతపడినవి, కర్మాగారములు నిలిచిపోయినవి, కోటికి పైగా జనులకు పని లేకపోయినది. 1933 లో రూజ్వెల్టు అధ్యక్షుడైన కొద్ది దినములలోనే, పని లేని యువకులను కూడగట్టి అడవులు పెంచుటకును, నేల కోత మాన్పుటకును, ఉద్యానములు కట్టుటకును సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అను దళము నేర్పఱచెను. సామాన్యముగా 18 మొదలు 25 ఏండ్ల వయస్సు గల అవివాహితులు దానిలో చేరిరి. 1942 లో ఆ దళము ముగియునప్పటికి ఇంచుమించు 30 లక్షలమంది అందు పని చేసియుండిరి. గుడారములలో పడక, వేళకు తిండి, పగలు పలుగు పాఱల పని. చదువు రాని వారికి సాయంకాలము అక్షరములు నేర్పెడివారు. జీతము నెలకు 30 డాలర్లు.

"అవ్వా, ముప్పైలో ఇరవై ఐదు డాలర్లు వాళ్లమ్మకి పంపాలంట. వాళ్లకి అయిదే మిగులుతాయంట" అని మనుమరాలు చదివినది.

అల్లుడు మాకంటె నాలుగడుగులు ముందు నడచుచుండెను. ఆ మాటకు నిలిచి, నీళ్ల వైపు తిరిగెను.

ఆ దళమువారే 1933 లో ఇక్కడికి వచ్చి, కోతబడిన నేలకు మెట్లు మెట్లుగా గట్లు వేసి, మట్టికట్ట పోసి, ఈ చెఱువు నిలిపిరి. దగ్గరి సున్నపురాతితోను, ఎఱ్ఱ సెడారు కొయ్యతోను మంటపమును, తక్కిన కట్టడములను లేపిరి. 1936 లో ఉద్యానము తెఱవబడినది. ఆ రాతిగోడను చేతితో తడవి చూచితిని. తొంబది యేండ్లు కావచ్చినను ఒక రాయి కదలలేదు.

ఆ రాష్ట్రమున సహజముగా ఏర్పడిన పెద్ద సరస్సు కాడో అను నది యొక్కటే యని చెప్పుదురు; తక్కినవెల్ల మనుష్యులు కట్టినవే. ఈ బోన్‌హామ్ సమీపముననే 16,000 ఎకరములకు మించిన బోడార్క్ జలాశయము 2021 లో నీరు నింపుట మొదలైనది. మా అమ్మాయి కుళాయిలో వచ్చు నీటిలో దాని పాలు కూడ కలదట. నాలుగు నెలలుగా ఆ నీటితో పప్పు వండుచు నేను ఆ సంగతి ఎఱుగను.

మా పుట్టిల్లు కడప జిల్లా పోరుమామిళ్ల దాపున. అక్కడి చెఱువును 1369 లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మాఱుపేరు గలవాడు, కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు మోయుటకు నూఱు బండ్లును చొప్పున రెండేండ్లు పని జరిగినదని అక్కడి శాసనములో చెక్కియున్నది. రాజు పేరు నిలిచినది. మట్టి మోసిన వేయిమందిలో ఒకరి పేరును లేదు. ఇక్కడను అంతే. మండపములు కట్టిన కుఱ్ఱవాండ్ర పేర్లు ఆ రాళ్లపై నాకు కనబడలేదు.

ఆ కథలో మంచితోపాటు చెడుగు కూడ కలదు. ఆ దళములోని శిబిరములలో తెల్లవారిని, నల్లవారిని చాలవఱకు వేఱుగా నుంచిరి. ఉద్యానములు లేచిన తరువాత కూడ బహుకాలము టెక్సాసులో నల్లజాతి కుటుంబములకు వీనిలో సామాన్యముగా ప్రవేశము లేదు. 1964 లో పౌరహక్కుల చట్టము వచ్చిన నాటికి గాని ఆ అడ్డు తొలగలేదు. మా ప్రక్క డేరాకు ఆవలి డేరాలో నల్లజాతి తల్లి యొకతె బిడ్డలకు మొక్కజొన్న పొత్తులు కాల్చియిచ్చుచుండెను. ఆమె అమ్మమ్మకు ఈ గట్టుపై ఆ పొత్తులు కాల్చుకొను భాగ్యము లేకపోయెను గదా యని అనుకొంటిని.

ఆడువారి సంగతి కూడ అడిగితిని. ఆ దళములో స్త్రీలను చేర్చుకొనలేదు. పని లేని ఆడుపిల్లలు ఏమి కావలెనని అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు పట్టుబట్టగా, 1933 లో న్యూయార్కు రాష్ట్రమునందలి బేర్ మౌంటెన్ స్టేట్ పార్కున, అదియు ఒక సరస్సు గట్టుననే, స్త్రీలకు మొదటి శిబిరము పెట్టిరి. 1937 లో ఈ శిబిరములు నిలిచిపోవునప్పటికి వానిలో నుండిన స్త్రీలు 8,500 మంది మాత్రమే. ఇక టెక్సాసున ఈ ఉద్యానముల కథకే ఒక తల్లి ఆదిలో నున్నది. ఇసబెల్లా నెఫ్ అను నామె 1916 లో లియాన్ నది యొడ్డున తన భూమిలో ఆఱెకరములు ప్రజలకై విడిచినది. ఆమె కుమారుడు గవర్నరై, 1923 లో ఉద్యానముల మండలి నేర్పఱపించెను. తల్లి విడిచిన ఆ చోటు ఇప్పటికిని మదర్ నెఫ్ అను పేరనే పిలువబడుచున్నది.

సూర్యాస్తమయమునకు తిరిగి వచ్చితిమి. అమ్మాయి నిప్పు రాజేసినది. నేను వంకాయలను నిప్పులపై కాల్చి, పచ్చిమిరపకాయలు, ఉప్పు కలిపి పచ్చడి నూరుటకు రోలు లేక గిన్నెలో గరిటెతో మెదిపితిని. జొన్నరొట్టెలు వేడిచేసితిమి. పున్నమికి రెండు దినములున్నవి. చంద్రుడు చెట్ల మీదికి వచ్చెను. కార్తికము గదా, నీట దీపము విడువవలెనని నాకు మనసైనది. "చెరువులో ఏమీ వదలకూడదవ్వా, తాబేళ్లు తింటాయి" అని మనుమరాలు చెప్పినది. పిల్ల చెప్పినది న్యాయమే. కొయ్య బల్లపై ప్రమిదనుంచి వెలిగించితిని. గాలికి అది మూడు సారులు ఆరినది. నాలుగవసారి అల్లుడు వచ్చి తన రెండు చేతులు అడ్డుపెట్టి నిలిచెను.

పిల్లలును, అల్లుడును డేరాలోనికి పోయి పడుకొనిరి. అమ్మాయియు, నేనును నిప్పుకడ మిగిలితిమి. చలి బాగుగ నుండెను. ఒక్క దుప్పటినే ఇద్దఱము కప్పుకొంటిమి. ఆమె పిల్లగా నున్నపుడు ఆరుబయట మంచముపై ఇట్లే కూర్చుండెడి వారము. చాలసేపు ఆమె మాటలాడలేదు. తరువాత నిప్పువంకనే చూచుచు, "అమ్మా, ఆయనకి ఉద్యోగం పోయి రెండు నెలలైంది" అన్నది.

నాకు నోట మాట రాలేదు. అల్లుడు దినమును తొమ్మిది గంటలకు మేడమీది గదిలోనికి పోయి తలుపు వేసికొనెడివాడు. ఇంటినుండి ఆఫీసు పని చేయుచున్నాడని నేననుకొంటిని. కాఫీ తీసికొని పోయి తలుపు కడ పెట్టి, సద్దు చేయక దిగివచ్చెడిదానిని. అతడు లోపల కూర్చుండి ఉద్యోగములకు అర్జీలు వ్రాయుచుండెనట. కంపెనీ వారు ఒక్కమాఱుగా పెక్కుమందిని తొలగించిరట. అతని తప్పేమియు లేదట.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగితిని.

"చెప్తే ఇక్కడ తినే అన్నం నీకు గొంతు దిగదు. ఆయనే వద్దన్నాడు. నయాగరాకి మాట ఇచ్చి తప్పానని ఆయన నీ మొహం చూడలేకపోతున్నాడు. ఈ పార్కు కూడా ఆయనే వెదికినాడు. అత్తకి ఏదో ఒక నీళ్లన్నా చూపించాలని."

నేను బియ్యము కడుగునాటి నా మాటను తలచుకొంటిని. దానిని వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఆమె తలను నా ఒడిలో పెట్టుకొని జడ విప్పి మఱల అల్లితిని. ఇంటి ఖర్చుల సంగతి అడిగితిని. ఆమె జీతముతో ఇంటి వాయిదా గడచుచున్నదని, చేత నిలువయున్నది ఆఱు నెలలకు వచ్చునని చెప్పినది. వచ్చునంతవఱకు వంటపని, పిల్లల పని నాదేయని చెప్పితిని. అంతకంటె మా యిద్దఱికిని ఎక్కువ మాటలు లేవు.

నడిరేయి డేరా వెలుపల ఏదో గొఱగొఱ తవ్వుచున్న చప్పుడైనది. చిన్నవాడు నన్ను కఱచుకొనెను. లాంతరు వేసి చూడగా మన అలుగును పోలిన, వీపున పెంకు గల జంతువొకటి ఆకులలో పురుగులను వెదకుకొనుచు మా వంక చూడక పోవుచున్నది. దానిని ఆర్మడిల్లో యందురు. ఎవరి జోలికిని రాదు. దానికంటె దొంగ వేఱొకటి కలదని ఉదయముగాని తెలియలేదు. తినుబండారములు కారులో పెట్టి తాళము వేయవలెనని ముందే చెప్పియుండినను, ఓళిగల డబ్బా నేను బల్లపై మఱచితిని. రాకూనులు మూత విప్పి ఒక్క ఓళిగయు మిగులనీయలేదు. పూర్ణము అమెరికా జంతువులకు కూడ రుచించునని మేము నవ్వుకొంటిమి. ఐనను ఇది నవ్వి విడువదగిన తప్పు గాదు. మనుష్యుల తిండికి మరగిన జంతువులు తమ వేట మఱచి చెడును. మీరు పోయినపుడు జాగ్రత్తపడుడు.

నేను తెల్లవారకమునుపే లేచితిని. చెఱువుపై మంచు పొగవలె లేచుచుండెను. అల్లుడు అప్పటికే కట్టమీద నొక రాతిపై కూర్చుండియున్నాడు. నేను పోయి ప్రక్కను కూర్చుంటిని. రాత్రి నాకు తెలిసిన సంగతి ఎత్తలేదు. మా నాయన కథ చెప్పితిని.

1952 లో రాయలసీమయందు కఱవు వచ్చినది. ఊరూర గంజికేంద్రములు పెట్టిరి. అప్పటికి మా నాయనకు పెండ్లియై ఆఱు నెలలు. పైరు ఎండినది, ఎద్దులను అమ్మిరి. ఆయన కఱవు పనికి పోయి ఒక చెఱువు కట్టపై మట్టి మోసెను. అత్తవారికి తెలిసిన చులకనగునని, ప్రొద్దుటూరిలో అంగట లెక్కలు వ్రాయుచున్నానని కబురు పంపెను. మా అవ్వ, అనగా ఆయన అత్త, ఒకనాడు ఏదో పనిమీద ఆ దారిని వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకొనియున్న అల్లుని చూచినది. చూచి ఏమియు ననక, తన మూటలోని సద్దిరొట్టె ఆయన చేత పెట్టి పోయినదట. మా నాయన ముసలితనమున ఈ మాట చెప్పినపుడెల్ల కండ్లనీరు పెట్టుకొనెడివాడు. ఆ చెఱువు ఇప్పటికిని నిండుచున్నది.

అల్లుడు చాలసేపు నీళ్ల వంక చూచెను. "ఎన్నాళ్లు మోశాడత్తా?" అని అడిగెను.

"వాన పడేదాకా, నాయనా."

అతడు తల ఊచెను. తరువాత లేచి, కాఫీకి నీళ్లు పట్టుకొని వత్తునని డేరా వైపు పోయెను. ఇంటికి వచ్చిన మఱునాటినుండి అతడు మేడమీది గది తలుపు వేయుట మానెను. నేను కాఫీని లోపలికే తీసికొనిపోయి చేతికిచ్చితిని.

అతనికి మూడు నెలలు గడచినపిమ్మట మఱియొక ఉద్యోగము దొరికినది. జీతము మునుపటికంటె తక్కువయే. అప్పటికి నేను మన దేశమునకు తిరిగివచ్చియుంటిని.

సోదరీమణులారా, మన బిడ్డలు దూరదేశములకు పోయినారు. మనమును ఏడాదికో రెండేండ్లకో పోయి వచ్చుచున్నాము. పోవునపుడు చూడవలసిన వింతల పట్టిక చేతబట్టుకొని పోదుము. నేను చెప్పునది ఒక్కటే. ఆ పట్టిక చదువుటకు ముందు వారి యింటి సంగతి అడుగుడు. అడిగిన చెప్పరు గనుక, బియ్యము రెండవసారి ఎందుకు కడుగుచున్నారో చూడుడు. ఊరికి దగ్గరనున్న చిన్న చోటికి తీసికొనిపోదుమనిన సంతోషముతో పొండు. వెచ్చని దుప్పట్లు రెండెక్కువ పెట్టుకొనుడు. ఓళిగల డబ్బా కారులో పెట్టి తాళము వేయుడు.

ఊరికి వచ్చినపుడు మా ప్రక్కయింటి అక్కగారు, "నయాగరా చూసినావా?" అని మొదటి మాటగా అడిగినది. లేదంటిని. "మరి ఇన్నాళ్లుండి ఏం చూసినావు?" అన్నది. చెఱువొకటి చూచితినని చెప్పి, ఆమెకు కూర్చుండ పీట వేసి, ఈ కథ మొదటినుండి చెప్పితిని.